మందు ముట్టనివాళ్ళు కూడా ఇజకాయాకి వెళ్ళాలి

(ఉద్యోగాల మీద జపాన్ వెళ్తున్న తెలుగువాళ్ళ కోసం హైదరాబాద్‌లో ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడ కొంచెం తగ్గించి.)

నమస్కారం అండీ. వీసా, ఇంటి అద్దె, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలి, ఇవన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. నాకు మిగిలింది సాయంత్రం పూట. ఆఫీసు అయ్యాక ఏం జరుగుతుందో చెప్పమన్నారు, నాక్కూడా అదే ఇష్టమైన సబ్జెక్టు. (నవ్వులు)

మీరు చేరిన కొత్తలోనే టీమ్‌లో ఎవరో ఒకరొచ్చి, శుక్రవారం సాయంత్రం మీకోసం చిన్న పార్టీ పెట్టుకున్నాం, వస్తారుగా అని అడుగుతారు. అది జరిగేది సాధారణంగా ఇజకాయాలో. తాగుతూ, తింటూ, కబుర్లు చెప్పుకుంటూ రెండు మూడు గంటలు తీరిగ్గా కూర్చునే చోటు అది. మనవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. నేను మందు ముట్టనండీ అని ఒకరు, నేను ప్యూర్ వెజ్ అని ఇంకొకరు, దణ్ణం పెట్టి ఇంటికెళ్ళి కుక్కర్ పెట్టుకుంటారు. రెండుసార్లు అలా చెప్తే మూడోసారి వాళ్ళు అడగరు, మర్యాదస్తులు కదా, బలవంతం చెయ్యరు. ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నా సరే ఆ టీమ్‌లో మీరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే. అందుకని నా మాట విని వెళ్ళండి. తాగకపోయినా వెళ్ళండి. తాగనివాడికి అక్కడేం పని అనుకోవడం మన భ్రమ.

మందు అనగానే మన బుర్రలోకి వచ్చేది వైన్ షాపు పక్కన పర్మిట్ రూము, ప్లాస్టిక్ గ్లాసు, పల్లీల పొట్లం, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని ఒక కన్ను రోడ్డు మీద. గబగబా తాగాలి, గబగబా బయటపడాలి. ఇజకాయాలో పక్క బల్ల దగ్గర తాతా మనవడూ కూర్చుని చేప ఒలుచుకు తింటూ ఉండొచ్చు, కౌంటర్ దగ్గర ఆఫీసు నుంచి వచ్చిన ఒకావిడ ఒక్కతే కూర్చుని గ్లాసు ముందు పెట్టుకుని ఫోన్ చూసుకుంటూ ఉండొచ్చు, ఎవరూ ఎవరినీ వింతగా చూడరు.

ఇంకో సంగతి వినండి. జపాన్ వాళ్ళలో సుమారు 40 శాతం మందికి ఒంట్లో ఆల్కహాల్ నుంచి పుట్టే విషాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైమ్ సరిగ్గా పనిచేయదు. ఏఎల్‌డీహెచ్2 అంటారు దాన్ని. అరగ్లాసు బీరుకే మొహం కందగడ్డలా ఎర్రబడిపోతుంది, గుండె దడదడలాడుతుంది. అంటే పదిమంది టీమ్‌లో మందు పెద్దగా పడనివాళ్ళు ముగ్గురో నలుగురో మీకంటే ముందే ఉన్నారన్నమాట. వాళ్ళేం ఇంటికి పోరు. ఊలాంగ్ టీ గ్లాసు పట్టుకుని చివరిదాకా కూర్చుంటారు, అందరికంటే గట్టిగా నవ్వేది కూడా వాళ్ళే. 2009లో కిరిన్ కంపెనీ 0.00 శాతం బీరు తెచ్చింది, ఇప్పుడు దాదాపు ప్రతి ఇజకాయా మెనూలో అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. మీరు నేర్చుకోవాల్సింది ఒక్క వాక్యం, ఓసాకే వా నోమెమాసెన్, మందు తాగలేనండీ అని. ఆ ఒక్కటీ చెప్తే చాలు, ఎందుకు ఏమిటి అని ఆరా తీసేవాళ్ళు తక్కువ.

సరే, లోపలికి వెళ్దాం. గుమ్మం పక్కన ఎర్ర కాగితం లాంతరు వేలాడుతుంటే అది మామూలు జనం వెళ్ళే చోటని గుర్తు. తలుపు పైన గుడ్డ తెర ఉంటుంది, నోరెన్ అంటారు, అది బయట కడితే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసేసినట్టు. తెర తప్పించుకుని అడుగు పెట్టగానే వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు అందరూ కలిసి ఇరాషాయిమాసే అని గట్టిగా అరుస్తారు. రండి రండి అంటున్నారంతే, మీరు తిరిగి ఏమీ అనక్కర్లేదు, ఎంతమంది వచ్చారో వేళ్ళు చూపిస్తే చాలు. కొన్నిచోట్ల బూట్లు విప్పి చిన్న లాకర్లో పెట్టి చెక్క తాళంచెవి తీసుకోవాలి, కాబట్టి ఆ రోజు చిల్లులు లేని సాక్సులు వేసుకెళ్ళండి, ఇది జోకు కాదు. కూర్చునే చోటుకీ ఒక లెక్క ఉంది. గుమ్మానికి దూరంగా లోపలి వైపు పెద్దవాళ్ళు, గుమ్మం పక్కన చిన్నవాళ్ళు, ఎందుకంటే ఆర్డర్ చెప్పేది, ప్లేట్లు అందుకునేది వాళ్ళే. మీకోసం పెట్టిన పార్టీ అయితే మిమ్మల్నే లోపలికి పొమ్మనొచ్చు, కాసేపు వద్దు వద్దని కూర్చోండి, మొహమాటపడటం మనకి ఒకరు నేర్పాలా. (నవ్వులు)

చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇస్తారు, చలికాలంలో వేడిది, ఎండాకాలంలో చల్లటిది. ఆ వెంటనే మీరు అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. రెండు ముక్కలు ఉడికిన ముల్లంగి కావచ్చు, వెనిగర్‌లో నానిన సముద్రపు నాచు కావచ్చు. టోక్యోలో ఒతోషి అంటారు, ఒసాకా వైపు త్సుకిదాషి. దానికి మనిషికి 300 నుంచి 500 యెన్‌ల దాకా బిల్లులో పడుతుంది. మన కుర్రాళ్ళు ఇక్కడ గొడవ పెట్టుకుంటారు, నేను అడగలేదు కదా, ఎందుకిస్తాను అని. అది కూర్చున్నందుకు ఇచ్చేది అనుకోండి. ఆ దేశంలో టిప్ అనేదే లేదు, ఇచ్చినా వెనక్కి తెచ్చిస్తారు, అందుకని నాకైతే అది అన్యాయం అనిపించదు. పైగా వంటవాడి చెయ్యి ఎలాంటిదో ఆ గిన్నెలోనే తెలిసిపోతుంది. ప్యాకెట్ చింపి పోసింది పెట్టారంటే ఆ కొట్టు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

మెనూ ఇంకా తెరవనైనా తెరవరు, ఎవరో ఒకరు తొరియాయెజు నామా అంటారు, ముందైతే అందరికీ డ్రాఫ్ట్ బీర్లు చెప్పేద్దాం అని. ఎవరికి వాళ్ళు రకరకాలు చెప్తే ఒక్కొక్కటీ ఒక్కో టైంకి వస్తుంది, అందరి చేతిలోకీ గ్లాసు వచ్చేదాకా ఎవరూ తాగకూడదు, అందుకే ఈ ఏర్పాటు. మీ ఊలాంగ్ టీ కూడా అప్పుడే చెప్పేయండి. గ్లాసులు వచ్చాక మేనేజర్ నాలుగు ముక్కలు మాట్లాడతారు, కొందరు నలభై ముక్కలు మాట్లాడతారు, నురగ అంతా చచ్చిపోతుంది, ఏం చేస్తాం. తర్వాత కంపాయ్, అంటే మన చీర్స్. గ్లాసు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచు పెద్దవాళ్ళ గ్లాసు కంటే కొంచెం కిందకి ఉంచండి, ఎవరూ అడగరు కానీ అందరూ గమనిస్తారు.

రెండో రౌండు నుంచి ఎవరిష్టం వాళ్ళది. విస్కీలో సోడా పోసిన హైబాల్, షోచూ అనే జపాన్ సారాలో సోడా, నిమ్మరసం కలిపిన లెమన్ సవర్, ఇవి ఎక్కువ. హొప్పీ అని ఇంకోటుంది, అది నాకు సరదా. 1948లో టోక్యోలో మొదలైంది. యుద్ధం తర్వాత బీరు కొనే స్తోమత జనానికి లేదు, అందుకని బీరు రుచి ఉండి ఆల్కహాల్ 0.8 శాతమే ఉండే హొప్పీ సీసా తెచ్చుకుని చౌకగా దొరికే షోచూలో పోసుకునేవాళ్ళు. ఇప్పటికీ అసకుసాలో హొప్పీ వీధి అని ఒక వీధే ఉంది. సీసా ఒకటే ఉంచుకుని షోచూ మాత్రం మళ్ళీ కావాలంటే నాకా అనాలి, లోపలిది అని.

సాకే, అంటే బియ్యంతో చేసే మందు, దాని గురించి రెండు మాటలు. 15 శాతం దగ్గర ఉంటుంది, నీళ్ళలా దిగిపోతుంది, లేచి నిలబడ్డాక గానీ సంగతి తెలియదు. కొన్ని కొట్లలో చదరంగా ఉండే చెక్క డబ్బాలో గ్లాసు పెట్టి, గ్లాసు నిండి పొర్లి డబ్బాలోకి కారేదాకా పోస్తారు. ఆ పొర్లిందే కొసరు. దాన్ని పైకెత్తబోతే ఒళ్ళంతా పడుతుంది, ముందు వంగి మూతి పెట్టి ఒక గుక్క లాగాలి, ఎంత పెద్ద డైరెక్టర్ అయినా అలాగే వంగుతాడు.

ఇప్పుడు అసలు విషయం, తిండి. మన దగ్గర మందు ముఖ్యం, మంచింగ్ పక్కన ఏదో ఒకటి. అక్కడ రెండూ సమానమే, నన్నడిగితే తిండే ఒక మెట్టు పైన. ఎవరి ప్లేటు వాళ్ళకి రాదు, అన్నీ చిన్న చిన్న ప్లేట్లలో మధ్యలో పెడతారు, అందరూ తీసుకోవాలి. ఉప్పునీళ్ళలో ఉడికించిన పచ్చి సోయా కాయలు ముందు వస్తాయి, ఎదమామే, పైన పొట్టు వదిలేసి గింజలు నోట్లోకి నొక్కుకోవాలి, మొదలుపెడితే చెయ్యి ఆగదు. పచ్చి చేప ముక్కలు, కరాగే అని చికెన్ వేపుడు, పొరలు పొరలుగా చుట్టిన ఆమ్లెట్టు, బొగ్గుల మీద కాల్చిన హొక్కే చేప నిలువునా చీల్చి అంత పొడుగు ప్లేట్లో. కరాగే వచ్చినప్పుడు పక్కన నిమ్మచెక్క ఉంటుంది, అందరినీ అడక్కుండా మొత్తం మీద పిండేయకండి, దాని మీద ఆ దేశంలో పెద్ద చర్చలే జరుగుతుంటాయి, నేను పిండే పక్షం.

ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్ళకి యాకితోరి ఉంది. వెదురు పుల్లకి కోడి ముక్కలు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. కోడిలో వదిలేసేది ఏమీ లేదు. తొడ మాంసం మోమో, మధ్యలో ఉల్లికాడ ముక్కలు గుచ్చితే నెగిమా, తోలు కావా, కందనకాయ సునాగిమో, గుండెకాయ హాత్సు, కార్జం రెబా, తోక దగ్గరి కొవ్వు ముక్క బొంజిరి, కరకరలాడే మెత్తటి ఎముక నాన్కొత్సు. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న అడుగుతారు, ఉప్పా, సాసా అని. షియో అంటే ఉప్పు, తారే అంటే తియ్యటి సోయా సాసు. కందనకాయకి ఉప్పే చెప్పండి, కార్జానికి తారే. మా ఊళ్ళో కోడి కోస్తే కందనకాయ కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం, అక్కడ పుల్ల నిండా కందనకాయలు నాకొక్కడికే పెట్టారండీ. కారం మాత్రం ఆశించకండి. బల్ల మీద షిచిమి అని ఏడు రకాల పొడి ఉంటుంది, డబ్బా సగం వేసుకున్నా మన నాలుకకి తగలదు.

ఈ ఇజకాయాలు నిన్నా మొన్నా వచ్చినవి కావు. అప్పట్లో టోక్యో పేరు ‘ఎదో’. 1657లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరు చాలావరకు తగలబడింది, మళ్ళీ కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వడ్రంగులు, కూలీలు వచ్చారు, ఎక్కువమంది ఒంటరి మగవాళ్ళే, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదు. సాకే అమ్మే కొట్లేమో ఉన్నాయి, మంచి సాకే ఒసాకా వైపు ఉండే నాదా, ఇతామిల నుంచి పీపాల్లో ఓడ మీద వచ్చేది. కొనుక్కున్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళకుండా అక్కడే కూర్చుని తాగడం, కొట్టువాడు పక్కన ఏదో ఒకటి వండిపెట్టడం, అలా మొదలైంది. ఆ ఊళ్ళోనే కాందాలో 1596లో పెట్టిన తొషిమాయా అనే కొట్టు ఉంది, సాకేని దాదాపు కొన్న ధరకే అమ్మి, ఖాళీ పీపాలు అమ్ముకుని లాభం చూసుకునేవాడట ఆ యజమాని, దాంతోపాటు మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద రాసి కాల్చిన టోఫు పెద్ద పెద్ద ముక్కలు చవగ్గా పెట్టేవాడట. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. పాతకాలం ఇజకాయా ఎలా ఉండేదో చూడాలంటే టోక్యో పడమట కొగానేయ్‌లో పాత ఇళ్ళ మ్యూజియం ఉంది, అక్కడ 1856 నాటి కగియా అనే కొట్టు భవనాన్ని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. లోపలికి వెళ్ళి చూడొచ్చు, తాగడానికి మాత్రం ఏమీ ఇవ్వరు.

యుద్ధం తర్వాత ఇంకో రకం వచ్చింది. టోక్యోలో షింజుకు స్టేషన్ పడమటి వైపు ఒమోయిదె యొకొచో అని ఇరుకు సందు, నల్లబజారుగా మొదలైంది. పిండి, బియ్యం అన్నిటి మీదా కంట్రోలు, పేగులు, కార్జాల మీద మాత్రం లేదు, అందుకని అవే కాల్చి అమ్మారు. ఇప్పటికీ ఒక్కో కొట్టులో ఆరేడుగురు కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి, పొగ కళ్ళలోకి కొడుతుంది, టూరిస్టులు ఎక్కువైపోయారు. నన్నడిగితే షింబాషి వెళ్ళండి, లేదా యురాకుచో రైలు వంతెనల కింద. నెత్తి మీద రైలు పోతుంటే మాట వినపడదు, అందుకే అందరూ అరుచుకుంటూ మాట్లాడతారు, పగలంతా గుసగుసగా మాట్లాడిన మనుషులే.

పెద్దవాళ్ళకి ఒంపే పద్ధతి గురించి అందరూ టెన్షన్ పడతారు, పడక్కర్లేదు. సీసా నుంచి ఎవరి గ్లాసులో వాళ్ళు పోసుకోరు, పక్కవాళ్ళకి పోయాలి, వాళ్ళు మీకు పోస్తారు, రెండు చేతులతో పట్టుకోండి, అంతే. ఎవరి గ్లాసు ఖాళీ అయిందా అని చూస్తూ ఉండాలి కాబట్టి పక్కవాళ్ళతో మాట కలుస్తుంది. నేను ఆ టీమ్ గురించి మీటింగుల్లో తెలుసుకున్నది తక్కువ. ఫలానా ప్రాజెక్ట్ ఎందుకు ఆలస్యమైంది, ఫలానా ఆయన ఎందుకు మాట్లాడరు, ఇవన్నీ రెండో గ్లాసు తర్వాతే బయటికొస్తాయి. బాస్ గారు, ఈ రోజు చిన్నా పెద్దా లేదు, బురేయ్‌కో అంటారు. నమ్మకండి. (నవ్వులు) చనువు ఇస్తారు నిజమే, కానీ ఎవరేం మాట్లాడారో తెల్లారాక కూడా గుర్తుంటుంది. ఇంకోటి కూడా చెప్పాలి, ఈ ఒంపే పని చాలాకాలం ఆడవాళ్ళ మీదా, కొత్తగా చేరిన పిల్లల మీదా పడేది, తాగమని బలవంతం చేయడం కూడా ఉండేది. దానికి ఇప్పుడు ఆల్కహాల్ వేధింపు అని పేరే పెట్టారు, ఈ కాలం పిల్లలు సాయంత్రం పార్టీకి రామని నిర్మొహమాటంగా చెప్తున్నారు, అది వాళ్ళ హక్కే. నేను వెళ్ళమంటున్నది పరాయి దేశంలో ఒంటరిగా ఉండబోయే మీ కోసం.

ఇక వెజ్ వాళ్ళు. మా ఆవిడ శాకాహారి, మందు వాసన కూడా పడదు, అయినా ఇజకాయాకి వెళ్దామా అని ముందు అడిగేది ఆవిడే. చిక్కు మాంసంతో కాదు, దాషితో. ఎండబెట్టిన చేప చెక్కులు, సముద్రపు నాచు వేసి కాచిన ఆ రసం పులుసులోనూ, ఉడికించిన కూరల్లోనూ, టోఫు మీద పోసే సాసులోనూ ఉంటుంది. మాంసం లేకుండా ఇవ్వండి అంటే చేప వేసి తెస్తారు, హ్యామ్ ముక్కలు వేసిన పొటాటో సలాడ్ తెస్తారు, మోసం కాదు, వాళ్ళ లెక్కలో అది మాంసం కిందకి రాదు. కాబట్టి వంటకాల పేర్లు పట్టుకుని వెళ్ళండి. ఎదమామే, ఉప్పుతో కాల్చిన షీతాకే పుట్టగొడుగులు, షిషితో అనే కారం లేని చిన్న పచ్చిమిరపకాయలు, చల్లటి టోఫు, దాని మీద చేప చెక్కులు వెయ్యొద్దని ముందే చెప్పాలి, లోపల చేప పెట్టని కాల్చిన అన్నం ఉండ. ఫ్రెంచ్ ఫ్రైస్ ఉంటాయి గానీ చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారు, పట్టింపు ఉన్నవాళ్ళు మానేయండి. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి కదా, ముందు అక్కడ నాలుగు ఇడ్లీలు తినేసి వెళ్ళడం మా ఆవిడ పద్ధతి.

ఖర్చు మనిషికి 3,000 నుంచి 4,000 యెన్‌లు అనుకోండి. నోమిహోదాయ్ అని తొంభై నిమిషాలో రెండు గంటలో ఎంతైనా తాగొచ్చనే స్కీము ఉంటుంది, పెట్టిన డబ్బు రాబట్టాలనే మన బుద్ధికి అది ప్రమాదం, జాగ్రత్త. షింజుకు కబుకిచోలో రోడ్డు మీద నిలబడి చవగ్గా ఉంటుంది రండి అని పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకండి, వెళ్ళొద్దని అక్కడ మైకుల్లో చెప్తూనే ఉంటారు, వెళ్ళినవాళ్ళ బిల్లు చూస్తే మత్తు దానంతటదే దిగుతుంది. సిగరెట్ పొగ 2020 ఏప్రిల్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చిన చట్టంతో చాలా తగ్గింది, కొన్ని చిన్న కొట్లలో ఇంకా ఉంది. బిల్లు తలా ఇంత అని పంచుకుంటారు, కొత్తవాళ్ళ దగ్గర తక్కువ తీసుకుంటారు. మర్నాడు ఆఫీసులో కనపడగానే నిన్నటికి థాంక్స్ అని చెప్పడం మర్చిపోకండి, మళ్ళీ పిలిచేది దాన్ని బట్టే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: ఒక్కరమే వెళ్ళొచ్చా సార్?)

తప్పకుండా వెళ్ళొచ్చమ్మా. కౌంటర్ దగ్గర కూర్చోండి, ఎదురుగా వండుతుంటారు, ఒసుసుమే వా అని అడగండి, ఈ రోజు ఏది బాగుందో చెప్తారు. నేను జపనీస్ నేర్చుకున్నది సగం అక్కడే. పెద్ద చెయిన్‌లలో ఐతే బల్ల మీద ట్యాబ్లెట్ ఉంటుంది, ఫోటో చూసి నొక్కడమే, మాట్లాడే పని లేదు, మొదట్లో దానితో మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళు మాత్రం మందు జోలికి పోకూడదు, అక్కడ 18కే మేజర్ చేశారు గానీ మందుకి ఇప్పటికీ ఇరవయ్యే.

(మరో శ్రోత: మేము స్టేషన్‌కి సైకిల్ మీద వెళ్తాం. తాగాక దాని మీదే ఇంటికి రావచ్చా?)

మంచి ప్రశ్న బాబూ. కారైతే అసలు ఆలోచించొద్దు, 2006లో ఫుకుఒకాలో తాగి నడిపినవాడి వల్ల ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు, మర్నాటి ఏడాది చట్టం మార్చారు, తాగినవాడికే కాదు, వాడికి మందు పోసినవాళ్ళకీ, తెలిసి పక్కన కూర్చున్నవాళ్ళకీ శిక్ష. సైకిల్‌కి కూడా 2024 నవంబర్ నుంచి బిగించారు, ఊపిరి పరీక్షలో పట్టుబడితే మూడేళ్ళ దాకా జైలు గానీ ఐదు లక్షల యెన్‌ల దాకా జరిమానా గానీ. కాబట్టి ఎక్కొద్దు. చేత్తో నడిపించుకుంటూ వెళ్తే తప్పు లేదు, అప్పుడు మీరు పాదచారి కిందే లెక్క. ఇరవై నిమిషాలు పడుతుంది, పడనివ్వండి, అంత కరాగే తిన్నాక ఆ మాత్రం నడక మంచిదే.